మాటలు లేని స్వప్నకథ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సంగీతమనగా పాట యని మన తెలుగువారికి గట్టి నమ్మకము. అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య, త్యాగయ్య - వీరందరు మనకు వాగ్గేయకారులు. అనగా వాక్కు ముందు, గేయము తరువాత. కచేరీలో వైణికుడు ఒక కృతిని ఎత్తుకొనగానే మనము చేయు మొదటి పని, అది ఏ కీర్తనయో పోల్చుకొని దాని మాటలను మనసులో పాడుకొనుట. మాట దొరకినచో కుదుటపడుదుము. రాగాలాపనయు తానమును సాగుచున్నంతసేపు మాత్రము, పల్లవి యెప్పుడు వచ్చునా యని గడియారము చూచువారే యెక్కువ. కాఫీకి లేచువారును అప్పుడే లేతురు.

కావున ఒక పాటయైనను లేక, కేవలము ఒక గిటారుతో, సుమారు ఏబదిమూడు నిమిషములు ఒక కథను నడపవచ్చునా అను ప్రశ్న మనబోంట్లకు విడ్డూరముగా తోచును. ఈనాడు నేను ప్రస్తావింపబోవునది అట్టి ప్రయత్నమే. అమెరికా దేశీయుడైన స్టీవ్ వాయ్ అను గిటారు విద్వాంసుడు 1990లో వెలువరించిన 'పాషన్ అండ్ వార్‌ఫేర్' అను ఆల్బము అది. అనురాగము, సంగ్రామము అని దానిని మన భాషలో చెప్పుకొనవచ్చును. ఇందు పదునాలుగు అంశములున్నవి. రాక్ సంగీతమనగానే చెవులు మూసికొనువారు మన సంఘములో కలరని నేనెరుగుదును. వారిని ఉద్దేశించియే ముఖ్యముగా మాటలాడుచున్నాను.

వాద్యముతో కథ చెప్పుట పాశ్చాత్యులకు క్రొత్త కాదు. బీథోవెన్ తన ఆరవ సింఫనీలో పల్లెటూరి వాగును, గాలివానను, పక్షుల కూతలను వినిపించినది 1808లో. 1830లో బెర్లియోజ్ అను ఫ్రెంచివాడు, ప్రేమవిఫలుడైన ఒక కళాకారుడు నల్లమందు మత్తులో కనిన కలలను ఐదు భాగముల సింఫనీగా కూర్చి, కథాసారాంశమును అచ్చువేయించి శ్రోతలకు పంచిపెట్టించెను. ప్రియురాలికి గుర్తుగా ఒకే స్వరపంక్తి అన్ని భాగములలోను వేషము మార్చుకొని వచ్చుచుండును. గ్రామఫోను రికార్డు పెద్దదై రెండు ప్రక్కల నలుబది నిమిషములకు పైగా పట్టు కాలము వచ్చిన పిమ్మట, విడివిడి పాటలను గుదిగ్రుచ్చుటకు మారుగా ఒకే భావసూత్రముతో మొత్తము రికార్డును కూర్చు పద్ధతి బయలుదేరెను. దానినే కాన్సెప్టు ఆల్బము అందురు. పాట లేకయే ఇట్టి కూర్పులు చేసినవారును కలరు. 1973లో రిక్ వేక్‌మన్ ఎనిమిదవ హెన్రీ రాజు ఆరుగురు భార్యలను కీబోర్డుపై చిత్రించెను. 1975లో కామెల్ అను బృందము ఒక మంచుబాతు కథను ఒక్క మాటయు పాడకుండ ఆల్బముగా వాయించెను.

మనవారు మాత్రము వెనుకబడియుండిరా? ఢిల్లీలో పాతకాపులైనవారికి వైణికసార్వభౌములు ఈమని శంకరశాస్త్రిగారి పేరు చెప్పనక్కరలేదు. ద్రాక్షారామమున జన్మించి, మద్రాసులో జెమినీ స్టూడియోలోను పిమ్మట ఆకాశవాణిలోను పనిచేసి, ఈ రాజధానీనగరమున ఆకాశవాణి వాద్యబృందమును నడపిన మహనీయులు వారు. వారి రచనలలో 'ఆదర్శ శిఖరారోహణము' అనునది యొకటి. పేరులోనే కథ ఉన్నది, సాహిత్యము లేదు. వారి శిష్యులైన చిట్టిబాబుగారు 'కొమ్మలో కోయిల' అని వీణపై కోయిలను పలికించిరి. అది వినునప్పుడు మాటలేవి యని మనలో నెవ్వరును అడుగలేదు. మనము అడుగునది పరాయి వాద్యమును విన్నప్పుడు మాత్రమే కాబోలు!

స్టీవ్ వాయ్ 1960లో న్యూయార్కు ప్రాంతములోని లాంగ్ ఐలండుపై, కార్ల్ ప్లేస్ అను చిన్న పట్టణమున పుట్టెను. పండ్రెండు పదుమూడేండ్ల వయస్సున గిటారు చేతబట్టి, ఆ ప్రాంతముననే ఉన్న మరియొక కుర్రవానియొద్ద పాఠమునకు పోయెను. ఆ గురువు శిష్యునికంటె నాలుగేండ్లు మాత్రమే పెద్ద. ఆయనయే జో సాట్రియానీ. తరువాత 1987లో ఆయన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' అను పాటలులేని రికార్డుతో అమెరికా ప్రజామోదపట్టికలో ఇరువదితొమ్మిదవ స్థానమందుకొని, శిష్యునికి త్రోవ చూపినట్లయినది. 1996 నుండి ఈ గురుశిష్యులు ఒకే వేదికపై వాయించుట ఆరంభించిరి. 2024లో కూడ కలసి పర్యటించిరి. గురుశిష్యసంబంధము మన సొత్తేయని గర్వపడువారు ఈ సంగతి గమనింపదగును.

బోస్టనులోని బర్క్‌లీ సంగీతవిద్యాలయమున చదువుచుండగా వాయ్ ఒక సాహసము చేసెను. ఫ్రాంక్ జాపా అను సంగీతకర్త లయవిషయమున మిక్కిలి జటిలమైన రచనలు చేయువాడు. ఆయన రచన యొకదానిని ఈ బాలుడు చెవితో విని, స్వరలిపిలో వ్రాసి ఆయనకే పంపెను. జాపా అది చూచి, తన గిటారువాదనమును వినివ్రాయు పనికి ఇతనిని జీతమిచ్చి నియమించుకొనెను. ఆలోచింపుడు: మనోధర్మముగా క్షణములో పుట్టి క్షణములో పోవు వాదనమును, ప్రతి అనుస్వరముతో, ప్రతి ఊపిరితో కాగితముపై పెట్టుట! మన గురుకులములలో శిష్యుడు తంబురా పట్టుకొని వెనుక కూర్చుండి నేర్చినదానిని ఇతడు పెన్సిలుతో నేర్చెను. 1980లో జాపా బృందములో వాదకుడుగా చేరిన పిదప, 1982 నాటి ఆల్బముపై ఇతని పేరునకెదురుగా 'అసాధ్యమైన గిటారు భాగములు' అను అర్థము వచ్చునట్లు అచ్చువేసిరి. జాపా పరిహాసప్రియుడు, కాని అది వట్టి పరిహాసము కాదు.

ఆ కాలమునాటి పని యొకటి మన విషయమునకు మిక్కిలి దగ్గర. జాపా ఒక అంశములో పాడక, మాటలాడినట్లే పలుకును. ఆ పలుకుల ఎత్తుపల్లములను, నట్టును, నసుగును, విరామములను వాయ్ గిటారుపై యథాతథముగా వాయించి జతపరచెను. మనుష్యుని మాటలో అర్థమును తీసివేసినను మిగులునది యొకటి కలదని - అదియే కాకువు అని మన లాక్షణికులు చెప్పినది - ఇతనికి అప్పుడే చేతికి పట్టుబడినట్లున్నది. మాట పోయిన తరువాతను మాటలాడుట ఎట్లో తెలిసినవాడు గనుకనే, మాటలు లేని కథను తలపెట్టగలిగెను.

ఇక వాద్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. సాధారణ గిటారు తీగను మీటగా నాదము పుట్టి, వెంటనే క్షీణించును. వీణయు అంతియే, అందుచేతనే వైణికుడు మీటు వెంట మీటు వేయుచు, ఒక మీటులోనే నాలుగు స్వరములను తీగను లాగి సాధించుచు, నాదము చచ్చిపోకుండ కాపాడుకొనును. విద్యుద్గిటారులో ఉక్కు తీగ క్రింద అయస్కాంతమును, దానికి చుట్టిన సన్నని రాగితీగయు ఉండును. తీగ కంపించినపుడు అందు విద్యుత్తు పుట్టి ఆంప్లిఫయరును చేరును. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి త్రోసినచో నాదము కొంత చిట్లి, గరగరలాడి, ఎంతసేపటికిని తగ్గక నిలుచును. మనము రొదయని విసుగుకొను గుణమిదియే. కాని దీనివలననే మీటు వాద్యము కమాను వాద్యమువలె, గాత్రమువలె దీర్ఘముగా పాడగలిగెను. వైణికులు తరతరములుగా కోరినది ఈ దీర్ఘనాదమునే గదా!

వాయ్ 1987లో జపాను దేశపు ఇబానెజ్ సంస్థతో కలసి తనకు తగిన గిటారును రూపొందించుకొనెను. దానికి ఇరువదినాలుగు మెట్లు. మన సరస్వతీవీణకును ఇరువదినాలుగే మెట్లు. తంజావూరు రఘునాథ నాయకుని కాలమున అవి స్థిరపడినవని చెప్పుదురు. 1990లో అదే సంస్థ ఇతనికొరకు ఏడుతీగల గిటారును వెలువరించెను. వీణకును నాలుగు వాదనతంత్రులు, మూడు తాళతంత్రులు కలసి ఏడు. ఇది కాకతాళీయమే, దీనినుండి చరిత్రను పుట్టింపవలదని నా విన్నపము. మనవారికి ఆ బలహీనత కొంత కలదు. అయితే వేరొక పోలిక కాకతాళీయము కాదు. ఈ గిటారు పైస్థాయిలోని చివరి నాలుగు మెట్ల మధ్య కర్రను గుంటగా తొలచియుందురు. వ్రేలు కర్రకు తగులక తీగను మాత్రమే పట్టి సులభముగా లాగుటకు. ఇట్టి గుంటపలకనే జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో మన సంగీతజ్ఞులతో 'శక్తి' బృందమున వాయించునపుడు, గమకముల కొరకై వాడెను. ఆ మెక్‌లాఫ్లిన్ సరసననే తరువాత మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ విద్యున్మాండొలిన్ వాయించెను. గమకము కావలెనన్నచో ఏ దేశమువాడైనను మెట్టును వదలి తీగను లాగవలసినదే.

వంతెనకు అమర్చిన ఒక కడ్డీ కూడ కలదు. దానిని నొక్కినచో తీగలన్నియు ఒక్కసారిగా వదులై స్వరము జారును; పైకి లాగినచో బిగిసి ఎగయును. చెడు చేతిలో ఇది చీమిడిముక్కు పిల్లవాని ఏడుపువలె ఉండును. మంచి చేతిలో ఏమగునో చెప్పెదను.

ఆల్బము విషయమునకు వత్తము. యౌవనారంభమున తనకు వచ్చిన కొన్ని స్వప్నములే దీనికి ఆధారమని వాయ్ చెప్పియున్నాడు. అప్పటికి అతడు ఇతరుల బృందములలో పేరును ధనమును గడించుచుండెను. 1986లో 'క్రాస్‌రోడ్స్' అను చలనచిత్రమున సైతానుపక్షపు గిటారు వాదకుడుగా నటించి, నాయకునితో పోటీపడి ఓడెను. వినోదమేమనగా, నాయకుడు గెలుచు చివరి భాగమును వాయించినవాడును ఇతడే! తన్ను తానే ఓడించుకొనెనన్నమాట. అట్టి వృత్తిపనుల నడుమ తన యింటి స్టూడియోలో ఈ స్వప్నములను రికార్డు చేసికొనుచు వచ్చెను. పాట లేనిది ఎవరు కొందురని వర్తకుల సందేహము. వెలువడిన పిదప అది అమెరికా పట్టికలో పదునెనిమిదవ స్థానమునకు చేరెను. ఐదు లక్షల ప్రతులకు ఇచ్చు సువర్ణరికార్డు గౌరవమును పొందెను.

మొదటి అంశము 'లిబర్టీ'. కలలో తానొక యెరుగని పతాకమునకు వందనము చేయుచుండగా వినబడిన గీతమిది యని అతని మాట. నిజముగనే అది ఒక జాతీయగీతపు ఠీవితో లేచును; ఏ దేశముదో తెలియదు. ఆగస్టు పదునైదున ఎర్రకోటవైపు నడచి వెళ్ళియున్నవారికి ఆ ఠీవి పరిచితమే. రెండవ అంశము పేరు కుటుంబసమేతముగా చదువు ఈ సంచికలో అచ్చువేయుట బాగుండదు; దానిని దాటుదము. 'ది రిడిల్' అనుదానిలో స్వరములు మన మేచకల్యాణి స్వరములే. స్వరములు కలిసినంతమాత్రమున రాగము కలిసినట్లు కాదు. ప్రతిమధ్యమముపై నిలిచి ఊగు ఆ తీరు మనకు పరిచయమున్నట్లు తోచి, అంతలోనే పరాయిదగును. 'బాలెరీనా' అను చిన్న అంశములో హార్మొనైజరు అను యంత్రము వాయించిన స్వరమును ఒక స్థాయి పైన, రెండు స్థాయిల పైన ఆలస్యముగా మరల పలుకును. ఒక నర్తకి వెనుక ఆమె నీడలు రెండు ఆడినట్లుండును. 'ఏలియన్ వాటర్ కిస్' అనుదానిలో ఆ కడ్డీయు ఆ యంత్రమును కలసి, నీటిలో నవ్వుచున్న ఏదో ప్రాణిని సృష్టించును. నిమిషమున్నరకు మించదు. మా యింట పసిపాప దీనిని విని కేరింతలు కొట్టినది; విమర్శకులకంటె ఆమె త్వరగా గ్రహించినది.

'ది ఆడియెన్స్ ఈజ్ లిజనింగ్' అనునది బడిగదిలో కథ. ఉపాధ్యాయిని యొకరు పిల్లలకు స్టీవీని పరిచయము చేయుదురు. అతడు గిటారుతోనే బదులు చెప్పును. ఆమె మందలించుకొలది గిటారు అల్లరి హెచ్చును. ఆ కంఠము వాయ్‌కి చిన్ననాట పాఠము చెప్పిన ఉపాధ్యాయినిదే. తనను మందలించిన పంతులమ్మనే వెదకి పిలిపించి రికార్డులో నిలుపుట నాకు నచ్చినది.

అయితే ఈ ఆల్బమునకు హృదయము ఏడవ అంశము, 'ఫర్ ది లవ్ ఆఫ్ గాడ్'. ఆరు నిమిషములు. పదిదినముల ఉపవాసవ్రతము పట్టి, అందు నాలుగవ దినమున దీనిని వాయించితినని వాయ్ చెప్పెను. ఏకాదశి యొక్కపూటకే నీరసపడు మనము దీనిని తేలికగా తీసివేయరాదు. సితారును తలపించు నాదముతో ఆరంభమగును. మీద, మన నఠభైరవి స్వరములలో, ఒక సామాన్యమైన పల్లవి వచ్చును. ఒక్కసారి వినిన ఎవరైనను కూనిరాగము తీయగలరు. అది తిరిగి వచ్చునప్పుడెల్ల ఒక మెట్టు పైకెక్కును. క్రమముగా వేగము హెచ్చి, స్వరములు వడగండ్లవలె రాలి, ఇక మీదికి మెట్టు లేదన్నచోట తీగను లాగి, లేని మెట్టుపై నిలుచును. అచ్చట నాదము గాత్రముకంటె గాత్రమగును. నేను పామరుడను, కాని సన్నిధిలో గంట మ్రోగుచుండగా ఏమి కోరుకొనవలెనో మరచి నిలుచు మనుష్యుని స్థితి అందు నాకు వినబడినది. చివర ఒక్క వాక్యము మాత్రము, గాయకుడు డేవిడ్ కవర్‌డేల్ కంఠమున, పలుకబడును. అది లేకున్నను లోటులేదని నా అభిప్రాయము. అంత చెప్పిన గిటారు తరువాత మాట చిన్నబోయినది. 2005లో హాలెండుదేశపు మెట్రోపోల్ వాద్యబృందముతో దీనిని వాయించిరి. వయొలిన్లు, ఊదువాద్యములు చేరగా, దీనిలోని కట్టుదిట్టము మరింత స్పష్టమైనది.

దోషములు లేవనను. పదునాలుగు స్వప్నములలో నాలుగైదు, మేలుకొన్నంతనే మరచిపోదగినవే. కొన్నిచోట్ల విద్వత్తు కథను మ్రింగినది. స్వరకల్పనలో లెక్కలు వేయుటయే పనిగా పెట్టుకొన్న మన కొందరు విద్వాంసులవలె ఇతడును వేగముకొరకు వేగమును ప్రదర్శించును. నడుమ వినబడు సంభాషణలలో కుర్రతనము ఎక్కువ. అన్నిటికిమించి, అనురాగమునకును సంగ్రామమునకును గల సంబంధమేమో పేరు చెప్పినంత స్పష్టముగా రికార్డు చెప్పదు. బెర్లియోజ్‌వలె ఒక స్వరపంక్తిని అంతట త్రిప్పి కథను బిగించినచో బాగుండెడిది. ఇతడు తలుపులు మాత్రము తెరచి, గదుల వరుసను చూపును. ఇల్లు మనము కట్టుకొనవలసియుండును.

ఇంతగా ఏల చెప్పుచున్నాననగా, మన కార్యవర్గము ముందు ఒక దరఖాస్తు ఉన్నది. క్వార్టర్సులలోని పిల్లలు నలుగురు ఉగాది కార్యక్రమమున గిటారు వాయించుటకు ఇరువది నిమిషములు కోరిరి. పాట ఉన్నదా యని అడుగగా లేదనిరి. తెలుగు సంఘము వేదికపై తెలుగు మాట లేని అంశమెట్లు అని పెద్దలు కొందరు సందేహించిరి. ఫైలుపై నోటు తరువాత నోటు చేరినది. నిర్ణయము మాత్రము లేదు. పెద్దల సందేహము నిర్హేతుకము కాదు. ఇచ్చట పుట్టి పెరుగుచున్న పిల్లలకు తెలుగు వినిపించు చోటు ఈ వేదిక యొక్కటియే. దానినుండి ఇరువది నిమిషములు తీసివేయుట చిన్న సంగతి కాదని నేనును అంగీకరింతును. కాని ఆ నలుగురును మన భాషలో మాటలాడుటకు తడబడుచున్నారు. ఇది మనమందరము ఎరిగినదే, బహిరంగముగా అననిదే. మాటలో తడబడువాడు తీగపై తడబడకుండ చెప్పుచున్నది ఏమో, తల్లిదండ్రులుగా మనము ఒక్కసారియైనను కూర్చుండి వినవలదా? అందులో ఒక బాలుడు తన తాతగారి వీణపాఠములోని సరళీస్వరములను గిటారుపై లాగి వాయించుట నేను మెట్లమీద నిలిచి వింటిని. గమకము సరిగా లేదు. ప్రయత్నమున్నది. ఈమనివారి 'శిఖరారోహణము' ధ్వనిముద్రణను మనము సంపాదించి వానికి వినిపించినచో ఆ గమకము చక్కబడునేమో. కార్యవర్గము వారి అనుమతికై ఎదురుచూచు ఈ దరఖాస్తునకు నా సమ్మతిని ఈ సభాముఖముననే తెలియజేయుచున్నాను. కార్యదర్శిగారు దయతో నమోదు చేసికొనవలెను.

ఇప్పుడు ఏడవ అంశమును వినిపింతురు. ఆరు నిమిషములే. పంకాల శబ్దము అడ్డువచ్చుచున్నందున, వెనుకవరుసలలోనివారు ముందునకు వచ్చి కూర్చుండ ప్రార్థన. ఏ కీర్తనయని వెదకవలదు. ఆ పల్లవి రెండవసారి వచ్చినపుడు అది మొదటిసారికంటె ఎంత పైన ఉన్నదో గమనింపుడు. అటుపిమ్మట గిటారును దాని త్రోవను పోనిండు. కాఫీ దీని తరువాతనే ఇత్తురు.